గొడుగులో పడ్డ మాట

బడి మేడ కిటికీలోంచి మొదటి ఫ్రెంచి పుస్తకం కిందికి రాగానే గవర్రాజు మాస్టారు గొడుగు తిరగేసి పట్టుకున్నారు. పుస్తకం సరిగ్గా అందులో పడింది.

"తప్పుకోండి మాస్టారూ. ఫ్రెంచి దొరలు పోయారు, వాళ్ళ పుస్తకాలూ పోవాలి. ఈ గది ఇక ఇంగ్లీషుది," అన్నాడు పైనుంచి, కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు మేష్టరు సత్యలింగం.

ఆ పుస్తకాలతోనే యానాం పిల్లలకి చదువు చెప్పి తల నెరిసిన గవర్రాజు గారు కదల్లేదు.

"కానీ నాయనా. నువ్వు చేసే పనికి మీ ఇంగ్లీషులోనే ఓ మాటుంది, తెలుసా? డిఫెనెస్ట్రేట్. కిటికీలోంచి పారేయడం. లాటిన్‌లో ఫెనెస్ట్రా అంటే కిటికీ. మా ఫ్రెంచిలో కిటికీని ఫెనెత్ర్ అంటాం, అదీ ఆ తల్లి బిడ్డే. వెనకటికి ప్రాగ్ అనే ఊళ్ళో కోపమొచ్చి రాజుగారి అధికార్లని కిటికీలోంచి తోసేశారు. అక్కణ్ణించి పుట్టింది ఆ మాట."

"చచ్చారా?"

"పెంటకుప్ప మీద పడి బతికారట. ఇక్కడ అంత మెత్తటి కుప్ప లేదని గొడుగు తెచ్చుకున్నాను."

సత్యలింగం నవ్వు ఆపుకున్నాడు. "సాయంత్రం దాకా పారేస్తాను."

"పారెయ్. పడ్డవన్నీ గుమ్మంలోంచి తెచ్చి మళ్ళీ సర్దుతాను. నాకు వేరే పనేముంది?"

అన్నట్టే నిండిన గొడుగుతో మెట్లెక్కి వచ్చారు. సత్యలింగం చేతిలో ఇంకో పుస్తకం ఉంది.

"ఇంతకీ ఆ తోసినవాళ్ళు ఎవరండీ?"

"వాళ్ళ పేర్లు నాకూ తెలీవు. మాట మాత్రం మిగిలింది."

సత్యలింగం ఆ పుస్తకం అట్ట తుడిచి తిరిగి బీరువాలో పెట్టాడు.

"మా ఇంగ్లీషు పుస్తకాలకి ఒక అర ఇప్పిస్తారా?"

"ఇస్తాను. గొడుగు మాత్రం ఇక్కడే ఉంటుంది."