మెయిన్ స్విచ్ మీద ఇత్తడి తాళం

"ఇంకెంతసేపు?" అని ఓనరమ్మ అడగడం అది ఆరోసారి.

"అయిపోవచ్చిందమ్మా," అన్నాడు ఎలక్ట్రీషియను, అయిదుసార్లు చెప్పిన జవాబే మళ్లీ చెబుతూ.

పనితీరు చూసి అందరూ ఆయన్ని నిదానంగారనే పిలుస్తారు. కొత్త మిల్లింగు మెషిను పక్కనున్న పెట్టెలో మూడు ఫేజు వైర్లూ, ఎర్తు వైరూ బిగించాడు. బిగించినవాటినే ఒక్కొక్కటీ పట్టుకుని లాగి చూశాడు. ఆపైన టెస్టరు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి పక్క బోర్డు దాకా వెళ్లొచ్చాడు. ఓనరమ్మకి ఒళ్లు మండిపోయింది.

మూడు గంటలకి ఆర్డరిచ్చే కంపెనీ ఇంజనీరు వస్తాడు. మొదటి పీసు ఆయన కళ్ల ముందు తీసి చూపించకపోతే ఆర్డరు ఇంకో షాపుకి పోతుంది, నలుగురికి పని పోతుంది. అందుకే పొద్దున్నుంచి ఆమె కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది. ఒకరిని నేల తుడవమంది, ఒకరిని మెషిను వేడెక్కకుండా పోసే కూలెంటు కలపమంది, ఒకరిని బెల్టు చూడమంది, ఒకరిని కుర్చీలు వెయ్యమంది. ఎవరికేం చెప్పిందో ఆమెకే గుర్తులేదు. కరెంటు రాగానే మోటారు ఎటు తిరుగుతుందో చూడ్డానికి పచ్చ బటన్ మాత్రం తనే నొక్కుతానంది.

రెండున్నరకి నిదానంగారు గోడమీదున్న మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్లి, పని అయ్యేదాకా ఎవరూ కరెంటు వెయ్యకుండా దానికి వేసిన తన ఎర్ర తాళం తీశాడు. పక్కనే చిన్న ఇత్తడి తాళం ఇంకోటి వేలాడుతోంది.

"ఇదెవరిది?" అంది ఓనరమ్మ.

"మెషిను మీద చెయ్యి పెట్టినవాళ్లు తలా ఒక తాళం వెయ్యాలమ్మా. ఎవరిది వాళ్లే తియ్యాలి. అందర్నీ ఒకసారి అడిగి రండి."

"అంత టైమెక్కడిది? రంపం తెచ్చి కోసెయ్యండి."

"తాళం కొయ్యడం ఎంతసేపు? కానీ నేను కొయ్యను."

అసలే గోరుచుట్టు, దానిమీద రోకటిపోటు అనుకుంటూ ఆమె బయల్దేరింది.

లేతు మీదున్న పెద్దాయన నవ్వాడు. "నాకు తాళమా? నా సైకిలుకే లేదు."

నేల తుడిచే ఆవిడ కొంగు విప్పి తన ఇంటి తాళంచెవి చూపించింది. "ఉన్నది ఇదొక్కటేనమ్మా. మీ తమ్ముణ్ణి అడిగారా?"

"వాడా? టీకి పోయుంటాడు. పనున్నప్పుడు వాడెప్పుడు కనపడ్డాడు గనక?"

తమ్ముడు ఆ షాపులోనే ఫిట్టరు. వాణ్ణి తిట్టుకుంటూనే మెషిను చుట్టూ తిరిగి, గోడకీ దానికీ మధ్యనున్న సందులోకి తొంగిచూసింది.

తమ్ముడు స్టూలు మీద నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ మోచేతుల దాకా బెల్టు పెట్టెలో ఉన్నాయి.

"తాళం నువ్వేశావా?" అంది.

"తాళమేంటక్కా? బెల్టు వదులుగా ఉంది చూడమన్నావుగా. ఇంకొక్క నట్టుంది."

ఓనరమ్మ వాడి చేతులకేసి చూసింది. రంపం చేతికందుంటే ఈపాటికి పచ్చ బటన్ నొక్కేసి ఉండేది.

"దిగు," అంది.

"నట్టు..."

"ముందు దిగరా."

చిన్నప్పుడు రోడ్డు దాటించినట్టు వాడి చెయ్యి పట్టుకుని మెయిన్ స్విచ్ దాకా నడిపించుకొచ్చింది. వాడి చేతి గ్రీజంతా ఆమె చేతికి అంటింది.

"తాళం వీడిది కాదట," అంది నిదానంగారితో. "అంటే ఇంకా ఎవరో ఉన్నారు. మళ్లీ వెతుకుతాను. ఇంజనీరు వస్తే కూర్చోబెట్టండి, ఆగకపోతే పోనివ్వండి."

"మెషిను వెనక ఇంకెవరూ లేరుగా?"

"లేరు. అంతా చూశాను."

"పైన?"

"పైనా లేరు."

నిదానంగారు తలూపి, చొక్కా జేబులోంచి గుత్తి తీసి ఇత్తడి తాళం విప్పాడు.

రెండు తాళాలూ ఆయనవే.