ఐదుగురున్న ఊరు

ఆదివారం పొద్దున పది గంటలకు జనాభా లెక్క. ఊళ్ళో ఐదుగురు కనబడకపోతే ఊరు తీసేస్తారు.

ప్రెసిడెంటుగారు తొమ్మిదింటికే బల్ల తుడిచి, రెండు ల్యాప్‌టాపులు, ఒక ట్యాబు, రెండు ఫోన్లు వరసగా పెట్టారు. అన్నిటికీ ఛార్జింగు వైర్లు తగిలించారు. వీటిలో ఒక్కటి ఆరిపోయినా కొంప మునిగినట్టే.

ఆయన ఊరు నేల మీద లేదు. కంప్యూటర్లో దిమ్మలు పేర్చి ఇళ్ళూ వీధులూ కట్టుకునే ఆటలో ఉంది. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, అందరూ కలిసి ఒకే లోకంలో ఆడతారు. ఆ లోకాన్ని నడిపే సర్వరు ఎవరో ఒకాయనది. అందరూ ఆయన్ని యజమాని అంటారు. అక్కడ ఎవరి మొహమూ ఎవరికీ కనబడదు, గొంతు వినబడదు. మాటలన్నీ టైపు చేసుకోవడమే.

ఈ ఊరు మొదలుపెట్టింది ప్రెసిడెంటుగారి మేనకోడలు, బడి స్నేహితులతో కలిసి. మామయ్యను కూడా లాగింది. అప్పట్లో నలభై మంది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఉద్యోగాల్లో పడ్డారు, ఒక్కొక్కరే రావడం మానేశారు.

"మామయ్యా, నువ్వింకా ఆ ఆట వదల్లేదా?" అని మేనకోడలు మొన్న ఫోన్లో నవ్వింది.

"ఎప్పుడైనా ఓ పది నిమిషాలు చూస్తుంటాలే," అన్నారాయన. ఆ పది నిమిషాలు రోజూ సాయంత్రం ఆరింటికి మొదలై భోజనం వేళ దాకా సాగుతాయి.

ఏం చేస్తారు పాపం. పని చేసేది కళ్ళద్దాల బిళ్ళలు అరగదీసే వర్క్‌షాపులో. ఆ రొదలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. ఇంటికొస్తే పలకరించే దిక్కు లేదు. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా వచ్చే ఏడాది చూద్దాం అంటూ యాభై నాలుగేళ్ళు తెచ్చుకున్నారు.

నాలుగేళ్ళ కిందట చివరి మనిషి కూడా వెళ్ళిపోయాక, ఊరు నిలబెట్టడానికి ఆయనే మనుషుల్ని పుట్టించారు. మేస్త్రి, పోస్ట్‌మాను, పిండిమర ఆయన, ఎప్పుడూ సణిగే ముసలమ్మ. నలుగురూ ఆయనే. ఐదో మనిషి కూడా ఆయనే.

దొంగ లెక్కే, కాదనలేం. కానీ ఊరు పోతే ఆయనకు పోయేవి ఇళ్ళూ వీధులూ మాత్రమే కాదు. ఊరు లేనివాడు పొరుగూరి పొలిమేర దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

సర్వర్లో ఇంకా మూడు ఊళ్ళున్నాయి. అక్కడా జనం అంతంత మాత్రమే. రేవూరి వ్యాపారి చేపలు తెచ్చి ఉన్ని పట్టుకెళతాడు. గనివూరి తాతయ్య పొడుపు కథలు పంపిస్తుంటాడు. ఇక కొండవూరి ప్రెసిడెంటు. ఆవిడను అందరూ పెద్దక్క అంటారు. కంచె దగ్గర ఈయనతో రోజూ తగువే.

"నీ గొర్రెలు మళ్ళీ మా తోటలో పడ్డాయి. కాపలా పెట్టుకోవడం చేతకాదా?"

"మీ తోటే మా పొలిమేరలోకి పాకింది, పెద్దక్కా."

గంటసేపు అలా దెప్పుకున్నాక, వెళ్ళబోయే ముందు ఆవిడ అడిగేది, "ఇంతకీ తిన్నావా?" అని. ఆ మాట ఆయన్ని ఇంకెవరూ అడగరు. పెద్దక్క ఉన్నచోట వ్యాపారి కనబడడు, వ్యాపారి ఉన్నచోట పెద్దక్క కనబడదు. వాళ్ళిద్దరికీ పడదనుకుని రాజీ చేయాలని కూడా చూశారీయన.

ఏటా జాబితా చూసి సరిపెట్టే యజమాని, ఈసారి మనుషుల్ని కళ్ళారా చూడాలని నోటీసు పెట్టాడు. అందుకే ఈ తిప్పలు.

పదింటికి యజమాని ఆటలోకి వచ్చాడు. బావి దగ్గర ఐదుగురూ నిలబడి ఉన్నారు.

"అందరూ ఒక్కసారి ఎగరండి," అన్నాడు.

ప్రెసిడెంటుగారు రెండు చేతుల్తో రెండు నొక్కారు, మోచేతుల్తో ఇంకో రెండు. నలుగురు ఎగిరారు. ముసలమ్మ కాసేపాగి ఎగిరింది.

"ఆవిడకి మోకాళ్ళ నొప్పులండీ," అని టైపు చేశారు.

"మేస్త్రిగారూ, ఇప్పుడేం కడుతున్నారు?"

గబగబా జవాబు కొట్టారు. కంగారులో కొట్టింది పక్క ఫోనులో.

"బడి గోడ లేపుతున్నానండీ," అంది ముసలమ్మ.

ప్రెసిడెంటుగారు ఫోన్లు పక్కకు నెట్టి, తన ల్యాప్‌టాపు ముందుకు జరిగారు. ఇక దాచి లాభం లేదు.

"అందరూ నేనేనండీ. నాలుగేళ్ళుగా ఇదే పని. తప్పే. ఊరు తీసేస్తానంటే తీసేయండి. ఒక్కటి అడుగుతాను, కాదనకండి. పెద్దక్కకు మాత్రం చెప్పొద్దు. అందరం ఊరు ఖాళీ చేసి ఎక్కడికో వెళ్ళామని చెప్పండి. ఆవిడకీ నాలాగే ఎవరూ లేరనుకుంటా. ఇన్నాళ్ళూ ఎవరూ లేని ఊరితో తగువాడానని తెలిస్తే తట్టుకోలేదు."

ఆయన ఐదు తెరల్నీ మార్చి మార్చి చూశారు. కళ్ళు మసకబారితే చొక్కా చేత్తో తుడుచుకున్నారు. ఇంత బతుకూ బతికి ఒక ఆట కోసం ఏడుస్తున్నానేమిటని తన మీద తనకే విసుగొచ్చింది.

చివరికి తెర మీద ఒక్క వాక్యం పడింది.

"ఆవిడకు తెలిసిపోయిందండీ, మిగతా మూడు ఊళ్ళ జనమూ నేనొక్కడినే, మీ ఊళ్ళోనన్నా ఐదుగురు మనుషులున్నారని ఇన్నాళ్ళూ సర్వరు ఆపకుండా నడిపాను."