మసక వేసిన ముఖం

సైదున్నీసా పేరు బయటికి పొక్కిందని తెలిసిన మరుక్షణం మైత్రేయి అనుమానం శ్రీహర్ష మీదికి పోయింది. పోక ఏం చేస్తుంది! వీడియోలో మాట్లాడింది ఆమేనని లోకంలో తెలిసింది ఇద్దరికే. ఒకరు తను. రెండోవాడు ఎదురుగా కూర్చుని కెమెరా బ్యాటరీలు చార్జింగ్ పెడుతున్నాడు.

ప్రొద్దుటూరులో వాళ్లిద్దరూ కలిసి నడిపే యూట్యూబ్ వార్తల చానల్లో ఆ వీడియో వచ్చి ఐదు రోజులైంది. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల ఆడవాళ్లను ఇంటిపనికని కువైట్ పంపే, ఊళ్లోనే ఉన్న ఒక ఏజెన్సీ బండారం అది. అక్కడ దిగగానే పాస్‌పోర్టు లాక్కోవడం, వాళ్లు ఏడుస్తూ ఆఫీసుకు పంపిన వాయిస్ మెసేజీలను విని చెరిపేయడం, అంతా పూసగుచ్చినట్టు చెప్పింది ఆ ఆఫీసులోనే టీ కాచి గదులు ఊడ్చే సైదున్నీసా. ఆమె కూతురు సుహానా కూడా ఆ ఏజెన్సీ పంపిన పిల్లే. తన పేరు బయటపడితే బిడ్డ మళ్లీ ఇల్లు చేరదని ఆమె ముందే చెప్పింది.

అందుకని ఎంత జాగ్రత్త పడ్డారని! ఊళ్లో కాకుండా ఎర్రగుంట్ల తీసుకుపోయి తలుపులు మూసి తీశారు. బురఖా తీయించి దుప్పటి కప్పారు. ముఖానికి మసక వేశారు, ఆమె గొంతును మగగొంతు చేశారు. వీధి పేరు వచ్చిన చోట బీప్ కొట్టారు. బయటికి వదిలే ముందు నాలుగుసార్లు చూసుకున్నారు.

ఇప్పుడు సైదున్నీసా ఫోన్ చేసింది. పొద్దున పనికి పోతే గేటు దగ్గరే ఆపేశారట. సుహానా ఫోన్ నిన్నటి నుంచి పలకడం లేదట. పిల్లను రాత్రికి రాత్రి వేరే ఇంటికి మార్చేశారని, ఏ ఇల్లో తెలియదని, కువైట్‌లోనే పనిచేసే వేంపల్లె మనిషి చెప్పిందట. ఆ పైన మాట రాక ఆమె ఏడ్చింది.

ఫోన్ పెట్టేసి శ్రీహర్ష వైపు చూసింది. మొన్న పులివెందులలో షూటింగ్ ఉందని చెప్పి పోయిన ఈ మనిషి బైకు, మధ్యాహ్నం ఆ ఏజెన్సీ ముందు ఉండడం ఆటోలోంచి తన కళ్లతో తనే చూసింది.

"మొన్న ఏజెన్సీకి ఎందుకు పోయింటివి?"

శ్రీహర్ష తడబడ్డాడు. చివరికి బ్యాగులోంచి ఒక పాస్‌పోర్టు తీసి టేబుల్ మీద పెట్టాడు. వాళ్ల వదిన అర్చనదట. ఆమె కువైట్ పోవడానికి ఆర్నెల్ల కిందట అక్కడ ఇచ్చిందట. వీడియో తీసినాక మనసు ఆగక, పోయి వెనక్కి తెచ్చాడట. ఇంట్లో మనిషినే కాపాడుకోలేనివాడు వార్తలు చెప్తాడా అని అంటావేమోనని దాచానన్నాడు.

ఇంకొకరైతే నమ్మేవాళ్లే. మైత్రేయికి మాత్రం ఆ పాస్‌పోర్టే సాక్ష్యంలా కనిపించింది. కాళ్లరిగేలా తిరిగినా ఎవరికీ తిరిగి ఇవ్వనివాళ్లు ఇతనికి ఎట్లా ఇచ్చారు?

"ఏం చెప్తే ఇచ్చినారు హర్షా?"

"గొడవ పెట్టుకున్యా. ఇచ్చినారు."

"గొడవకు పాస్‌పోర్టు ఇచ్చేవాళ్లైతే, మనం వీడియో తీయాల్సిన పనే లేకపోయె."

అతని ముఖం పాలిపోయింది. ఆమె పేరు తను చెప్పలేదని మూడుసార్లు అన్నాడు. కన్నతల్లి మీద ఒట్టు వేశాడు. మూడేళ్లుగా ఒకే బండి మీద ఎండనక వాననక తిరిగిన మనిషి. అదేమీ ఆమెకు గుర్తు రాలేదు. కెమెరా, ఆఫీసు తాళాలు అక్కడ పెట్టి పొమ్మంది. శ్రీహర్ష తాళాలు పెట్టి, గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"ముందు ఆ పిల్ల యాడుందో చూడు. నా సంగతి తర్వాత."

అది కూడా నాటకమే అనుకుంది మైత్రేయి. మనసు విరిగితే ఏ మాటైనా అట్లాగే వినిపిస్తుంది.

అక్కణ్నుంచి నేరుగా ఏజెన్సీకి పోయింది. యజమాని కోదండపాణి లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ఫ్యాన్ వేశాడు. సుహానా ఊసెత్తితే, ఆ పిల్లకేం దిగుల్లేదని, వీడియో తీసేస్తే సాయంత్రానికల్లా వాళ్లమ్మతో మాట్లాడుతుందని నెమ్మదిగా చెప్పాడు. బెదిరింపును ఇంత మెత్తగా చెప్పేవాణ్ని ఆమె ఇంతవరకు చూడలేదు.

రెండు లక్షల మంది చూసిన వీడియో. దాన్ని చూశాకే నలుగురు ఆడవాళ్లు ప్రయాణం మానుకున్నారు. అయినా ఏం చేస్తుంది? ఒక తల్లి ఏడుపు చెవుల్లోంచి పోవడం లేదు. అతని ఎదుటే ఫోన్ తీసి వీడియో తుడిచేసింది. కోదండపాణి తన ఫోన్‌లో వెతికి చూసుకుని, వీడియో పోయిందని తేల్చుకున్నాక అక్కడికక్కడే కువైట్‌కు ఫోన్ కలిపాడు. పిల్లతో వాళ్లమ్మకు మాట్లాడించమన్నాడు.

మైత్రేయి లేచింది. అడగకుండా పోలేకపోయింది.

"ఒక్క మాట చెప్పండి. మా శ్రీహర్షే కదా ఆమె పేరు చెప్పింది?"

"ఆయప్పా?" కోదండపాణి నవ్వాడు. "ఆయప్ప పాస్‌పోర్టు కోసం వచ్చి పోలీసులను తెస్తానని ఒకటే రచ్చ. ఈ తలనొప్పి మాకెందుకని ఇచ్చి పంపిస్తిమి. ఆయప్ప ఏమీ చెప్పలే."

"మరి?"

"శానా జాగ్రత్తగా చేసినారమ్మా, తప్పు పట్టేదానికి లేదు. ముఖం లేదు, గొంతు లేదు, పేరు లేదు. మేము మగోళ్లనే అనుమానిస్తాంటిమి. మా ఆఫీసులో ఆడోళ్లు ఏడుగురు. ఆరుమందిని ఎవరైనా అక్కా అంటారు, పిన్నమ్మా అంటారు. సాయిబులామె ఒక్కతే. రెండో నిమిషంలో ఆ మనిషి భయపడి ఆగిపోతే, 'భయపడొద్దు ఖాలా, నీ పేరు యాడా బయటికి రాదు' అని మీరే అంటిరి కదమ్మా."