అద్దం పక్క బల్ల

"ఇవాళ కూడా దిగాడు మన జిడ్డు!"

హోటలాయన వంటింట్లోకి తల పెట్టి భార్యతో అన్నాడు.

"మెల్లగా అనండి, వింటాడు. పాపం, పెద్దాయన," అందామె గరిటె తిప్పుతూనే.

జిడ్డు అన్న పేరు హోటలాయనే పెట్టాడు. పెట్టించుకునేలాగే ఉంది ఆ మనిషి తీరు. రోజూ మధ్యాహ్నం అందరికన్నా ముందు వస్తాడు. వీధివైపు కిటికీ అద్దం పక్కనున్న బల్ల దగ్గరే కూర్చుంటాడు. నలుగురు పట్టే బల్ల, హోటలు మొత్తానికి అదే మంచిది. ఒక్క భోజనం చెప్పి, మెతుకు మెతుకూ లెక్కపెట్టినట్టు తింటాడు. బాగుందనడు, బాగాలేదనడు.

పోనీ తీరిగ్గా తినే మనిషి అనుకుందామంటే అదీ కాదు. మరో రెండు బల్లల దగ్గర జనం కూర్చున్నారంటే చాలు, మిగిలింది గబగబా మింగి, చెయ్యి కడుక్కుని లేచిపోతాడు. ఒకసారి పొగలు కక్కే టీ అలాగే వదిలేసి వెళ్లాడు.

"నలుగురి పొడ గిట్టదు మహానుభావుడికి," అన్నాడు హోటలాయన ఆ కప్పు తీస్తూ.

హోటలు కొత్తది. అంతకుముందు ఆయన పెద్ద పెద్ద హోటళ్లలో వడ్డన చేశాడు. ఆమె ఒక ఆఫీసు క్యాంటీన్లో వంట చేసింది. ఇద్దరూ పనులు మానుకుని, ఉన్నదంతా ఊడ్చి ఇందులో పెట్టారు. ఇది నిలబడితే సరే. లేకపోతే మళ్లీ ఇంకొకరి ముందు చేతులు కట్టుకోవాలి.

మరీ ఖరీదూ కాదు, మరీ చవకా కాదు. వంట శుభ్రంగా, రుచిగా ఉండేది. చుట్టుపక్కలవాళ్లు మెల్లమెల్లగా అలవాటు పడుతున్నారు. మధ్యాహ్నానికి సగం బల్లలు నిండేవి.

దాంతో హోటలాయనకి ఆశ పెరిగింది.

"పెద్ద హోటళ్లలో చూశాను కదా. అద్దం పక్క బల్ల మీద పూలు పెట్టి, రిజర్వ్‌డ్ అని అట్ట నిలబెడతారు. బయటివాళ్లకి ఆ దర్జానే వేరు. మనకేమో అక్కడ ఈయన, దిష్టిబొమ్మలాగా!"

"అలాగని పొమ్మంటారా ఏమిటి?"

"పొమ్మనను. పొగ పెడతాను, చూడు."

మర్నాడు పెద్దాయన వచ్చేసరికి బల్ల మీద పూలూ అట్టా ఉన్నాయి.

"ఏమీ అనుకోకండి పెద్దాయనా, ఈ బల్ల ఇక రోజూ బుక్ అయిపోతోంది."

నిజానికి ఒక్కరూ బుక్ చెయ్యలేదు.

ఆయన కోప్పడతాడనుకున్నాడు. కోప్పడలేదు సరికదా, ముఖం విప్పారింది.

"నిజమా బాబూ? ముందే చెప్పి మరీ వస్తున్నారా?"

"ఫోన్లు ఎత్తలేక చస్తున్నామంటే నమ్మండి!"

"చాలా సంతోషం నాయనా. వంట చాలా బాగుంటుందని లోపలున్న అమ్మాయికి చెప్పు."

వెనక బల్ల దగ్గర కూర్చోమన్నా కూర్చోలేదు. అద్దంలోంచి ఒకసారి లోపలికి చూసి వెళ్లిపోయాడు.

"చూశావా? పామూ చావలేదు, కర్రా విరగలేదు!" అన్నాడు హోటలాయన భార్యతో.

ఆ తర్వాత పూలు రోజూ మార్చాడు. అట్ట రోజూ తుడిచాడు. జనం మాత్రం అద్దం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి ఆగిపోయేవారు.

"ఎవరూ లేరేమిటి?"

"బాగుండదేమో. పద, ఇంకెక్కడైనా తిందాం."

గుమ్మంలో నిలబడ్డ హోటలాయన చెవిన ఆ మాటలు పడుతూనే ఉండేవి.

"ఆ పెద్దాయన కూర్చున్న కాసేపటికే ఎవరో ఒకరు వచ్చేవారండీ," అంది భార్య, మిగిలిపోయిన కూరగిన్నె వైపు చూస్తూ.

"మనిషి కనబడాలి, అంతేగా? నేనే కూర్చుంటాను."

అట్ట తీసేసి కూర్చున్నాడు. కానీ వీధిలో అందరికీ ఆయన ముఖం తెలుసు. సొంత హోటల్లో తానొక్కడే కూర్చుని తింటున్న యజమానిని చూసి నవ్వుకుంటూ పోయారు. ఆయన సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

పెద్దాయన కోసం వీధి వీధీ తిరిగాడు. ఎవరినైనా అడుగుదామంటే ఏమని అడగాలి? జిడ్డు అని తాను పెట్టిన పేరు తప్ప ఆ మనిషి గురించి తనకేమీ తెలియదు. చాలా సిగ్గేసింది.

చివరికి హోటలు మూసేశారు. తాళాలు తీసుకోవడానికి, హోటలుకి గది అద్దెకిచ్చిన ఓనరు వచ్చాడు.

"ఇదేమిటయ్యా! బ్రహ్మాండంగా నడుస్తోందని చెప్పాడే?"

"ఎవరండీ?"

"అద్దం దగ్గర కూర్చునేవాడే, ఆ పెద్దాయన. బల్లలు ముందే బుక్ అయిపోతున్నాయట, ఇక నా అవసరం లేదులే అని ఒకటే సంబరం. కూతురు ఎప్పటినుంచో రమ్మంటోంది. సామాను సర్దుకుని వాళ్ల ఊరు వెళ్లిపోయాడు."



"ఆయన అవసరం ఏమిటండీ?" అంది హోటలాయన భార్య.

"ఖాళీ హోటల్లో ఎవరూ అడుగుపెట్టరమ్మా. అందుకని ఇంకో నలుగురు వచ్చేదాకా ఆయన కూర్చునేవాడు. తెలిస్తే మీరు చిన్నబుచ్చుకుంటారని చెప్పొద్దన్నాడు."



"మేం ఆయనకి ఏమవుతామని?" అన్నాడు హోటలాయన.

ఓనరు తాళాలు జేబులో వేసుకున్నాడు.

"మీకన్నా ముందు ఈ గదిలోనే హోటలు పెట్టి, లోపలికొచ్చి కూర్చునే ఒక్క మనిషి కోసం ఎదురుచూసి ఎదురుచూసి మూసేసుకున్నది ఆయనే."