పక్కింటి బేరం

పక్కింటి గేటుకు ‘ఇల్లు అమ్మబడును’ అన్న బోర్డు వేలాడిన రోజున సోమేశ్వరరావుకు అన్నం సయించలేదు.

తన గేటుకు అదే బోర్డు కట్టి అప్పటికి నాలుగు నెలలు.

కొండాపూర్‌లో ఆ రెండు ఇళ్లనూ ఒకే మేస్త్రీ ఒకే ప్లానుతో కట్టాడు. మాదాపూర్‌లో ఐటీ భవనం తెరిచారు కాబట్టి ఇక ధరలు ఆకాశానికి లేస్తాయని అందరూ అన్నారు.

లేచింది దుమ్మే.

రోజూ మధ్యాహ్నం బండలు పేల్చేవారు. ఆ దుమ్ముకు సోమేశ్వరరావు భార్య బాలాత్రిపురసుందరికి ఉబ్బసం తిరగబెట్టింది. ఎండలు ముదిరేలోగా ఇల్లు మారమన్నాడు డాక్టరు. మల్కాజిగిరిలో చిన్న ఫ్లాటు చూసుకున్నారు. ఇది అమ్మితేనే అది.

"పక్కింటి విశ్వేశ్వరరావు గారు నాలుగున్నర లక్షలు చెబుతున్నారటండీ. మనమూ కాస్త తగ్గిద్దాం" అంది ఆమె.

"ఆయన నాలుగున్నర అంటే మనది ఐదు. మనది మూల ప్లాటు."

పక్కింటాయన గోడలకు సున్నం వేయించాడని, సోమేశ్వరరావు బిస్కెట్ రంగు రెండు పూతలు వేయించాడు. హాల్లో గోడ బీటమీద పెద్ద క్యాలెండర్ తగిలించాడు.

అయినా ఆదివారం వచ్చేవాళ్లు ముందు పక్కింటి గేటే తీసేవారు. కిటికీ పక్కన నిలబడి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టేవాడు.

"అందరూ అటే పోతారేం?"

"ఆయన నవ్వుతూ మాట్లాడతారండీ."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఒక ఆదివారం పాత సైకిలు మీద ఓ ముసలాయన వచ్చాడు. మాసిన ధోవతి, కాళ్లకు టైరు చెప్పులు. విశ్వేశ్వరరావు ఇంటి వరండాలో కూర్చుని అరగంటసేపు టీ తాగాడు. తర్వాత తిన్నగా సోమేశ్వరరావు గేటు దగ్గరికి వచ్చాడు.

"నా పేరు రాజయ్య సారూ. ఇల్లు జర చూపిస్తరా?"

"కొనేదెవరు?"

"చూసినంక చెప్త."

చేతివేళ్లతో గోడలన్నీ తట్టి చూశాడు. క్యాలెండర్ పక్కకు జరిపాడు.

"మీద పూసిన గిలాబు పగిలింది గంతే. ఇటుకకు ఏం కాలే. గిట్ల దాస్తె వచ్చినోళ్లకు అనుమానమైతది సారూ."

లోపలి గదిలోంచి బాలాత్రిపురసుందరి దగ్గు వినిపించింది. రాజయ్య ఒక్క క్షణం అటే చూశాడు.

"ధర ఎంత చెప్తున్నరు?"

"ఐదు లక్షలు."

"ఈ యేడు ఐదు యాడ నడుస్తది? నాలుగు అనుండ్రి. రేపే తెగుతది."

సోమేశ్వరరావు ముఖం ఎర్రబడింది. పక్కింటికి నాలుగున్నర, తన ఇంటికి నాలుగా?

"నిన్ను ఆయనే పంపాడు కదూ?"

రాజయ్య దాచలేదు. "అవు సారూ. ఆయనే పోయి చూడుమన్నడు."

"నా ఇంటికి ధర కట్టించి, తనది అమ్ముకుందామనా?"

"గట్ల కాదు సారూ, జర నా మాట..."

"నడవవయ్యా. మళ్లీ ఈ గేటు దగ్గర కనిపించకు."

బుధవారం రాజయ్య మళ్లీ వచ్చాడు. సోమేశ్వరరావు తలుపు తీయలేదు, భార్యను తీయనివ్వలేదు. ముసలాయన గేటు పట్టుకుని కాసేపు నిలబడి, సైకిలు తిప్పుకుని వెళ్లిపోయాడు.

మరో వారానికి పక్కింటి బోర్డు దిగింది.

"నాలుగు లక్షలకే ఇచ్చేశారటండీ" అంది బాలాత్రిపురసుందరి.

"మోసపోయాడు" అన్నాడు సోమేశ్వరరావు. అనడమైతే అన్నాడు గానీ, ఆ పూట కూడా అన్నం దిగలేదు.

విశ్వేశ్వరరావుకు అనంతపురం బదిలీ. సామాను లారీకి ఎక్కించాక చెప్పి వెళ్దామని వచ్చాడు.

"స్నానం చేస్తున్నానని చెప్పు" అంటూ సోమేశ్వరరావు స్నానాలగదిలో దూరాడు. లారీ చప్పుడు వీధి మలుపు దాటేదాకా ఉత్త నేలమీద చెంబులతో నీళ్లు పోస్తూనే ఉన్నాడు.

ఏప్రిల్లో బాలాత్రిపురసుందరికి ఊపిరి అందక రెండుసార్లు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. చివరికి ఆమెను తెనాలిలో చెల్లెలి ఇంటికి పంపించాడు. రైలెక్కేటప్పుడు ఆమె ఇంటి మాట ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు.

మే నెలలో ఇంటి ధర నాలుగుకు దించాడు. జూన్‌లో మూడున్నరకు. గేటు తీసినవాళ్లు లేరు.

తొలకరి పడిన రోజున పక్కింట్లోకి కొత్తవాళ్లు దిగారు. ప్రహరీ మీదుగా చూసి సోమేశ్వరరావు నిలబడిపోయాడు. మంచం మోసుకొస్తున్నది రాజయ్య. వెనక ఆయన భార్య నర్సమ్మ.

"ఈ ఇల్లు కొన్నది నువ్వా?"

"నేనే సారూ. మేస్త్రీ పని మానేసిన. గోపన్‌పల్లిల రెండెకరాలు అమ్మిన. ఉన్నన్ని దినాలు సొంతింట్ల ఉందామని." రాజయ్య మంచం దించాడు. "అమ్మ కనబడ్తలేదు?"

"తెనాలిలో ఉంది."

"దమ్ము తగ్గిందా?"

"లేదు." సోమేశ్వరరావు ప్రహరీ దగ్గరికి జరిగాడు. "నాలుగు లక్షలకు ఆయన దగ్గర కొన్నావు. నా దగ్గరికి వచ్చినప్పుడు కొంటానని ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్పనిచ్చిన్రా సారూ? బుధవారం నాడు పైసలు నడుముకు కట్టుకొనే వచ్చిన."



"ఆయన ఇల్లు ఎదురుగా పెట్టుకుని, నా ఇంటికెందుకు వచ్చావు?"

రాజయ్య తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"నేను ముందు బయాన పెట్టింది విశ్వేశ్వరరావు సారు చేతిలనే, పక్కింట్ల అమ్మకు దమ్ము ఆడ్తలేదు, ముందు వాళ్లది కొను, నాది మెల్లగ అమ్ముకుంట అని ఆ పైసలు ఆయనే నా జేబుల వెట్టి మీ ఇంటికి తోలిండు."