ఎడమ చుట్టు

కాలిపోయిందని అల్లుడు ఊడదీసి తెచ్చిన పవర్ సప్లైని మేస్త్రి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

నలభై ఏళ్లు మోటార్లు చుట్టిన మనిషి. కాలిన వార్నిషు ఏ మూల ఉన్నా ఆ ముక్కు పట్టేస్తుంది.

"పోయింది," అన్నాడు.

ఆ మాట మామా అల్లుళ్లు ఇద్దరూ నాలుగు నెలల కిందటే ఒకసారి విన్నారు, ఆసుపత్రి వరండాలో.

కంప్యూటరు కూతురిది. ఒక్కో భాగం ఏరి తెచ్చుకుని తనే బిగించుకుంది. సాయంత్రాలు ఆటలు ఆడేది. పక్కనే మొగుడు తన లాప్‌టాప్‌తో కూచుని ఆటలో తోడుండేవాడు. ఆడుతూ మాట్లాడిందంతా రికార్డు చేసి దాచుకునేది.

ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. ఆ పెట్టెలోని డిస్కులోనే ఉంది.

డిస్కు ఊడదీసి ఇంకోదాంట్లో పెట్టుకోవచ్చని స్నేహితులు చెప్పారట. అల్లుడికి మనసొప్పలేదు. ఆమె బిగించినదాంట్లోనే వినాలన్నాడు. మేస్త్రి ఎదురు చెప్పలేదు.

ఇద్దరూ కలిసి కొట్టుకు వెళ్లారు.

కొట్టతను గ్రాఫిక్స్ కార్డు ఏదని అడిగి, ఆరు వందల యాభై వాట్లు చాలని, మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. మేస్త్రి పైన రాసింది చదవలేదు. ఒక్కోదాన్నీ అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. తేలిగ్గా ఉన్నదాన్ని ముందే పక్కకి నెట్టేశాడు. అంకెలు ఎన్నయినా రాసుకోవచ్చు, లోపల రాగి ఉండాలి కదా అన్నాడు.

"పెద్దాయనా, గుమ్మడికాయ కొంటున్నట్టు కొంటున్నారు," అని కొట్టతను నవ్వాడు. కానీ ఆయన ఏరినదే మంచిదని ఒప్పుకున్నాడు.

ఆకుపచ్చ తీగనీ నల్ల తీగనీ చిన్న తీగ ముక్కతో కలిపి, పని చేస్తోందని దాని ఫ్యాను తిప్పి చూపించాడు. అట్టపెట్టెలో సర్దుతూ ఒక మాట చెప్పాడు.

"పాత వైర్లు మాత్రం దీనికి పెట్టకండి. మూతి సరిపోతుంది. లోపల తీగల వరస వేరు."

మేస్త్రి తలూపాడు. తీగల సంగతి నాకు చెప్తావా అన్నట్టు ఊపాడు.

ఇంటికొచ్చి కంప్యూటరు వెనక మూత తీశాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అల్లుడు ఊడదీయకుండా వదిలిన వైర్లన్నీ పవర్ సప్లై చోటు నుంచి డిస్కు దాకా ఒక్క వరుసలో పడుకుని ఉన్నాయి. బొటనవేలంత ఎడం ఎడంగా, ఇనప చట్రంతో కలిపి, మైనం పట్టించిన దారంతో ముడులు.

మోటారులో కాయిలు కదలకుండా కట్టే ముడి అది. ఒకసారి బిగిస్తే విప్పడానికి రాదు. కోసుకోవలసిందే.

తొమ్మిదేళ్లప్పుడు కూతురు బడి నుంచి వచ్చి, సంచీ కూడా దించకుండా, షెడ్డులో ఆయన పక్కన కూచుని నేర్చుకుంది.

చుట్లన్నీ ఎడమ నుంచి ఉన్నాయి.

ఎడమచేతి వాటం పిల్ల. ఎడమ నుంచి చుడితే ముడి జారిపోతుందని ఎన్నిసార్లు తిట్టాడో. ఒకసారి చేతి మీద ఒక్కటిచ్చాడు కూడా. ఆ తర్వాత ఆయన ముందు ఆ పిల్ల దారం పట్టుకోలేదు.

మేస్త్రి ఒక్కో ముడినీ వేలితో లాగి చూశాడు.

ఒక్కటీ జారలేదు.

"వీటిని ఇలాగే ఉంచేద్దాం మామయ్యా," అన్నాడు అల్లుడు. "పవర్ సప్లై ఒక్కటీ మారిస్తే సరిపోదా?"

మేస్త్రి నోట్లో ఉన్న మాటా అదే. పాత వైరు మూతిని కొత్తదాంట్లో పెట్టాడు. దానికోసమే చేసినట్టు టక్కున కూచుంది.

రెండో కొస డిస్కుకు పెట్టబోయి ఆగాడు. మీటరు పెట్టి చూడకుండా ఆయన ఇన్నేళ్లలో ఒక్క మోటారుకూ కరెంటు ఇవ్వలేదు.

కొట్టతను చేసినట్టే ఆకుపచ్చ, నల్ల తీగలు కలిపాడు. ఫ్యాను తిరిగింది. డిస్కుకు వెళ్లే కొసలో మీటరు మొనలు ఆనించాడు.

ఐదు వోల్టులు చూపించాల్సిన చోట పన్నెండు చూపించింది.

మళ్లీ ఆనించాడు. పన్నెండే.

"ఏమంటుంది?" అన్నాడు అల్లుడు.

"పెడితే డిస్కు కూడా పోతుంది."

అల్లుడు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

మేస్త్రి కరెంటు తీసేసి, సంచిలోంచి బ్లేడు తీశాడు. పసిపిల్ల గోళ్లు తీసినంత మెల్లగా, ఒక్కో ముడీ కోశాడు. తెగిన దారం ముక్కలన్నీ చొక్కా జేబులో వేసుకున్నాడు.

కొత్తది చట్రంలో కూచోబెట్టి మరలు బిగించాడు. దానితో వచ్చిన వైర్లే తగిలించాడు. ఈసారీ మీటరు పెట్టాడు. ఐదు దగ్గర ఐదు, పన్నెండు దగ్గర పన్నెండు.

కట్టేముందు ఒకసారి ఆడించి చూడటం ఆయన అలవాటు. స్విచ్చి వెయ్యమన్నాడు.

లోపల ఎర్రదీపం వెలిగింది. అల్లుడు తెర ముందు కూచుని, రికార్డుల జాబితాని పైకీ కిందికీ జరిపాడు. చివరికి ఒకటి నొక్కాడు.

తుపాకుల మోత. ఎవరో పరిగెడుతున్న చప్పుడు. మధ్యలోంచి కూతురు.

"ఎడమ పక్కకి రమ్మంటే కుడికే పోతావేంటి నువ్వు? అచ్చం మా నాన్నే. ఎడమ అంటే చాలు, తేలు కుట్టినట్టే."

నవ్వింది. అక్కడితో అయిపోయింది.

అల్లుడు వెనక్కి తిరగలేదు.

కాసేపటికి మేస్త్రి కరెంటు ఆపమన్నాడు. మైనపు దారం తీసి, కొత్త వైర్లను వరుసగా సర్ది, మొదటి చుట్టు వేశాడు.

చూసుకుని, తీసేశాడు.

మళ్లీ వేశాడు. ఎడమ నుంచి.