అట్ట మీద మరక

"ఈ కారుండాలో, నేనుండాలో ఇవాళ తేల్చు పక్నే!"

చీపురు పట్టుకుని సుమిర అరిచిన అరుపుకి పక్కింటి పావురాలు లేచిపోయాయి. వాకిట్లో కొత్తగా వేయించిన తెల్ల టైల్స్ మీద, సరిగ్గా ఇంజన్ కింద, అరచేయంత నల్ల మరక. ఆమె మొగుడు మర్గొనో కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బయటికి కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. మొగుణ్ణి ఆమె 'పక్నే' అనీ, పెళ్ళాన్ని అతను 'బునే' అనీ పిలుచుకుంటారు.

"ఏదో ప్యాకింగ్ పోయుంటుంది బునే. సాయంత్రానికల్లా..."

"పదేళ్ళ నుంచీ సాయంత్రానికే! అమ్మిపారెయ్. లేదంటే నేను సెమరాంగ్‌లో మా అక్క దగ్గరికి పోతా. నువ్వూ, నీ చిన్న పెళ్ళామూ హాయిగా ఊరేగండి."

మర్గొనోకి కారంటే ప్రాణమే. కానీ సుమిర లేని ఇంట్లో కారు పెట్టుకుని ఏం చేసుకుంటాడు?

"సరే. అమ్మేస్తా."

కింద నుంచి అతనికి ఆమె చెప్పులు కనిపిస్తున్నాయి. అవి ఇంకొంచెంసేపు అక్కడే ఆగి, చప్పుడు చేయకుండా లోపలికి వెళ్ళిపోయాయి.

అమ్మకం సంగతి తెలిసి ఆ సాయంత్రమే దమార్ అనే కుర్రాడు వచ్చాడు. పాత కార్ల పిచ్చి. తలుపులు తట్టి చూశాడు, బానెట్ ఎత్తి మురిసిపోయాడు, కిందికి వంగి నాలుక చప్పరించాడు.

"పాక్," అన్నాడు, పెద్దవాళ్ళని పిలిచే మర్యాదతో, "బండి ముత్యంలా ఉంది. కానీ ఆయిల్ కారేదాన్ని తీసుకెళ్తే మా ఆవిడ నన్ను కూడా గేటు బయటే ఆపుతుంది. ఆదివారం వస్తా. కింద అట్ట వేసి ఉంచండి. అది పొడిగా ఉంటే తోలుకుపోతా."

సోమవారం మర్గొనో ఇంజన్ పై మూత విప్పి ప్యాకింగ్ మార్చాడు. పని చేస్తున్నంతసేపూ కారుతో మాట్లాడుతూనే ఉన్నాడు.

"కొత్తవాడి దగ్గర మొండికెయ్యకు, సరేనా? చోక్ కొంచెం లాగి పట్టుకుంటే గానీ నువ్వు లేవవని వాడికి చెప్తాలే. వానలో నీ ఎడమ అద్దం దిగదని కూడా చెప్తా. మంచివాడిలాగే ఉన్నాడు, కడిగి తుడిచి పెట్టుకుంటాడు."

మీద పడ్డ ఆయిలే అన్నట్టు భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. వంటింటి కిటికీలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

సాయంత్రం దాకా చూశాడు. అట్ట మీద చుక్క లేదు. మర్నాడు తెల్లవారుజామున మసీదుకి వెళ్ళి నమాజు చేసుకుని వచ్చేసరికి, అట్ట మీద నిగనిగలాడుతూ నల్ల మరక!

మంగళవారం ఇంజన్ ముందున్న ఆయిల్ సీల్ మార్చాడు. బుధవారం పొద్దున మళ్ళీ మరక. ఫిల్టర్ కింది రబ్బరు మార్చాడు. గురువారం మరక ఇంకొంచెం పెద్దదైంది. విచిత్రం ఏమిటంటే, ఇంజన్లో గేజీ ముంచి చూస్తే ఆయిల్ గీత దగ్గరే ఉంది. రోజూ కారుతోంది, చుక్క తగ్గడం లేదు! ముప్ఫై ఏళ్ళు బస్సు డిపోలో ఇంజన్లు విప్పినవాడు తల గోక్కుంటూ కూర్చున్నాడు.

దానికి తోడు ఇంట్లో తిండి కూడా చప్పబడింది. శనివారం పొద్దున ముందుకొచ్చిన వేయించిన అన్నం పాలిపోయి ఉంది.

"కెచాప్ ఏది బునే?" నల్లటి ఆ తియ్యని పులుసు పైన పోసుకోందే అతనికి ముద్ద దిగదు.

"అయిపోయింది."

"మొన్ననేగా పెద్ద సీసా తెచ్చాను?"

"నీ కారు తాగే ఆయిల్ ముందు అదెంత! నోరుమూసుకుని తిను."

ఆదివారం ఎనిమిదికి వస్తానన్న దమార్ నిజంగానే ఎనిమిదికే వచ్చాడు. మర్గొనో ఊపిరి బిగబట్టి అట్ట లాగాడు. అట్ట మధ్యలో చిక్కటి నల్ల మడుగు.

"సారీ పాక్," అన్నాడు దమార్ దిగులుగా. "మనసు లాగుతోంది గానీ, మా ఆవిడ ఒప్పుకోదు."

"అయ్యో, ఎంత పనైంది నాయనా!" సుమిర టీ, వేడివేడి అరటిపండు బజ్జీలు తెచ్చింది. "ఎంత చేసినా ఆగడం లేదు చూడు. ఇదింక ఎవరికీ పనికిరాదు. ఇంకోటి తిను. దారికి రెండు పొట్లం కట్టమంటావా?"

దమార్ వెళ్ళిపోయాడు. మర్గొనో మెట్టు మీద కూలబడ్డాడు. కారు పోలేదన్న సంతోషం ఓ పక్క, పెళ్ళాం పోతుందేమోనన్న భయం ఓ పక్క.

"మరి... సెమరాంగ్ ఎప్పుడు వెళ్తావు?" చివరికి అడిగేశాడు.

"మా అక్క గురక నీకేం తెలుసు? నీ కారే నయం." సుమిర అతని పక్కనే కూర్చుని, మిగిలిన బజ్జీ అతని చేతిలో పెట్టింది. "టైల్స్‌దేముంది, కడుక్కుంటే పోతుంది. తిను, చల్లారిపోతోంది."

ఇన్నాళ్ళూ ఈ కారుని చూస్తే మండిపడే మనిషి ఇవాళ ఇంత చల్లగా ఉందేమిటా అనుకుంటూ మర్గొనో ఆ అట్ట పారేద్దామని లేచాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

వంటింటి గడప నుంచి బారులు తీరి వస్తున్న చీమలు, అట్ట మీది ఆ 'ఇంజన్ ఆయిల్' చుట్టూ మూగి, ఆనందంగా విందు చేసుకుంటున్నాయి.